సంక్రాంతి సంబరాలు, టోక్యో: పిల్లల బల్ల దగ్గర రాక్‌మ్యాన్ బొమ్మ కూర్పు

పిల్లల విభాగం బాధ్యురాలు:

అందరికీ నమస్కారం. బొమ్మల కొలువు పక్కన వేసే పిల్లల బల్ల దగ్గర ఈసారి రంగులు వేయించడం మాని, పిల్లల చేత ఒక ప్లాస్టిక్ మోడల్‌ను కూర్పించి, పూర్తయిన బొమ్మను కొలువు మెట్టు మీదే నిలబెడదామని నా ప్రతిపాదన. ఎంచుకున్నది మోడల్ బొమ్మల కంపెనీ కోటోబుకియా వారి 1/10 స్కేలు రాక్‌మ్యాన్. 1987 డిసెంబరులో క్యాప్‌కామ్ కంపెనీ నింటెండో వారి ఫామికామ్ గేమ్ యంత్రం కోసం తెచ్చిన వీడియో గేమ్‌లోని నీలిరంగు రోబో అతడు. అమెరికాలో కొన్నాళ్లుండి ఇక్కడికి వచ్చిన కుటుంబాలకు అతడి అక్కడి పేరు మెగామ్యాన్ అంటేనే తెలుస్తుంది కాబట్టి, బల్ల మీది కాగితంలో రెండు పేర్లూ రాయాలి.

దీనికి జిగురుతో పని లేదు. భాగాలన్నీ రన్నర్ అనే ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. నిప్పర్‌తో (ప్లాస్టిక్ కత్తిరించే చిన్న కటింగ్ ప్లయర్‌తో) కత్తిరించి, ఒకదాని పిన్నును మరొకదాని గుంటలోకి నొక్కితే బిగుసుకుంటాయి. ఇదంతా చదివి తేలికనుకుని నేను ఒక పెట్టె కొని ఇంట్లో ప్రయత్నించాను. నేను టీ పెట్టుకుని వచ్చేలోగా మా పిల్లలిద్దరూ ఉత్సాహం కొద్దీ భాగాలన్నింటినీ కత్తిరించి పళ్లెంలో పోసేశారు. అంకెలు రన్నర్ మీదే ఉంటాయి గానీ భాగాల మీద ఉండవన్న సంగతి అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఎడమ కాలిదేదో కుడి కాలిదేదో పోల్చుకోవడానికే గంట పట్టింది. పైగా పొరపాటున చివరిదాకా నొక్కిన ఒక ముక్కను విడదీయబోతే పిన్ను విరిగింది.

కాబట్టి మన బల్ల దగ్గర ఏ భాగం కావాలో అదొక్కటే, కావలసినప్పుడే కత్తిరించాలి. మొదట ముక్కకు కాస్త ఎడంగా కత్తిరించి, మిగిలిన మొలకను రెండోసారి తీసేస్తే ప్లాస్టిక్ మీద తెల్లమచ్చ పడదు. పెట్టె మీద 15 ఏళ్లు పైబడిన వారికని ఉంది కనుక నిప్పర్ పెద్దల చేతిలోనే ఉండాలి. ముగ్గురు పిల్లలకు ఒక పెట్టె చొప్పున ఇద్దాం: ఒకరు పటం చూసి అంకె చెబుతారు, ఒకరు రన్నర్‌లో వెతుకుతారు, ఒకరు నొక్కుతారు. ముందు సగం దాకా నొక్కి, పటంతో సరిచూసుకున్నాకే పూర్తిగా బిగించమనండి.

కొలువు బాధ్యులు:

ప్రతిపాదన బాగుంది గానీ, కొలువులో రోబో ఏమిటని పెద్దలెవరైనా అడిగితే ఏం చెప్పమంటారు? పై మెట్టు మీద దేవుళ్లు ఉంటారు కదా.

పిల్లల విభాగం బాధ్యురాలు:

పై మెట్టు జోలికి మనం వెళ్లడం లేదండీ. కింది మెట్ల మీద పెళ్లివారిని, కూరగాయల బండిని, క్రికెట్ జట్టును పెట్టడం మనకు అలవాటే కదా, రాక్‌మ్యాన్ ఆ వరుసలోకే వస్తాడు. ఇతణ్ణి కొండపల్లి బొమ్మ పక్కన నిలబెడితే పిల్లలకు చెప్పడానికి ఒక మంచి మాట కూడా దొరుకుతుంది: తెల్ల పొణికి చెక్కతో చేతులూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. విడి భాగాలను కూర్చి బొమ్మ చేయడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. ఇక్కడ మక్కు బదులు పిన్ను ఉంది, అంతే.

హాలు ఏర్పాట్ల బాధ్యులు:

హాలు నియమం ప్రకారం చెత్త మనమే ఇంటికి తీసుకుపోవాలి. ఖాళీ రన్నర్లకు, అట్టపెట్టెలకు వేర్వేరు సంచులు తెస్తాను. నేల మీద తతామీ (గడ్డి చాప) ఉంది గనుక చిన్న ముక్క జారితే దొరకదు. ప్రతి బల్ల మీదా అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం పెట్టండి.

పిల్లల విభాగం బాధ్యురాలు:

పళ్లేలు నేను తెస్తాను. ఇంట్లో పొరపాట్లు పోగా కూర్పుకే రెండు గంటలు పట్టింది, మనకున్నది గంటన్నరే. అందువల్ల కాళ్లు ముందురోజే మా ఇంట్లో కూర్చి ఉంచి, తల, మొండెం, చేతులు మాత్రం పిల్లలకు వదిలేద్దాం. ఒక చేతిని తీసి ఆ స్థానంలో రాక్‌మ్యాన్ ఆయుధమైన బస్టర్ తుపాకీ తగిలించే ఘట్టం వాళ్లకే దక్కాలి, దయచేసి తల్లిదండ్రులెవరూ అందులో చేయి పెట్టకండి. నాలుగు పెట్టెలు కొంటాను. నిప్పర్లు నా దగ్గర రెండే ఉన్నాయి. ఇంకో రెండు ఎవరి దగ్గరున్నాయో, ముందురోజు సాయంత్రం కాళ్లు కూర్చడానికి ఎవరు రాగలరో ఇక్కడే తెలియజేయగలరు.