కమలాపండ్ల జామ్ సెట్ అవ్వట్లేదు, ఎందుకు?

మిద్దెతోట:
నాగపూర్ కమలాలు కిలో, పంచదార కిలో. తొక్కా గింజలూ తీసేసి, రసమూ గుజ్జూ మాత్రమే 40 నిమిషాలు ఉడికించినది. రెండో రోజుకీ తేనెలా జారుతోంది. ఇంకాస్త పంచదార పోయాలా అండీ?

పాకంచెంచా:
వద్దండీ. జామ్‌ని పట్టి ఉంచేది పెక్టిన్. అది రసంలో చాలా తక్కువ. గింజల్లో, తొక్క లోపలి తెల్లపొరలో ఎక్కువ. మీరు తీసేసింది దాన్నే. కమలాకి తెల్లపొర ఎలాగూ పల్చన, పులుపూ తక్కువ. అందుకే కిలో పండ్లకి 4 నిమ్మకాయలు కలపాలి.

తొక్క సన్నగా తరగండి. రెండింటి గింజలు, తొనల పొరలు, పిండిన నిమ్మడిప్పలు పల్చటి నూలుగుడ్డలో మూట కట్టండి. రసాలతో సహా అన్నీ లీటరున్నర నీళ్లలో రాత్రంతా నాననివ్వండి. పొద్దున సన్నసెగ మీద గంట, గంటన్నర ఉడకాలి. తొక్క ముక్కని రెండు వేళ్ల మధ్య నొక్కితే చితికిపోవాలి. పంచదార ఆ తర్వాతే. ముందే వేస్తే తొక్క బిరుసెక్కిపోతుంది, ఇక ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు.

మూట చల్లారాక గట్టిగా పిండండి. గంజికన్నా చిక్కగా, బంకబంకగా దిగుతుంది. దాన్ని వదిలేస్తే చేసినదంతా వృథా.

గూడూరునిమ్మ:
అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకి లోహం దిగుతుంది. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి స్టీలు గిన్నె మంచిది. పండ్ల మీద మైనం పూత ఉంటే వేడినీళ్లలో రుద్ది కడగండి.

మిద్దెతోట:
దించే సమయం ఎలా తెలుస్తుంది? తీగపాకం చూడాలా?

పాకంచెంచా:
అక్కడే చాలామంది పొరబడతారు. జామ్ వేడిలో పల్చగానే ఉంటుంది, చల్లారాకే బిగుస్తుంది. తీగ సాగేదాకా ఉంచితే మర్నాటికి చెంచా దిగదు. ఫ్రీజర్‌లో పెట్టిన ప్లేటు మీద ఒక బొట్టు వేసి, నిమిషం ఆగి వేలితో తోయండి. పైన ముడతలు పడితే అయినట్టే. చూసేటప్పుడు మంట ఆపేయాలి.

థర్మామీటరుంటే విశాఖలో 104.5 డిగ్రీలు. హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కనుక 103 చాలు. మీ ఊళ్లో నీళ్లు మరిగే వేడికి నాలుగున్నర కలుపుకోండి. తూకమైనా సరే: కిలో పంచదారకి జామ్ సుమారు కిలో 700 గ్రాములకి దిగాలి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసి పెట్టుకోండి.

నల్గొండతోట:
బత్తాయితో ఇదే పద్ధతిలో చేస్తే చేదెక్కుతుంది. గింజల్లోనూ తెల్లపొరలోనూ ఉన్న లిమోనిన్ అనే చేదు పదార్థం కొంతసేపయ్యాక బయటపడుతుంది, మొదట రుచి చూస్తే తెలియదు. బత్తాయి గింజలు, తెల్లపొర పూర్తిగా తీసేయండి. పైతొక్క మాత్రం రెండుసార్లు 5 నిమిషాల చొప్పున ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. మూటలో నిమ్మవే వాడండి.

పెరటి పుల్లనారింజ దొరికితే ఇంకేమీ వెతకక్కర్లేదు. బ్రిటన్ వాళ్లు మార్మలేడ్‌కి (తొక్క ముక్కలతో చేసే నారింజ జామ్) వాడే సెవిల్ నారింజ కూడా ఈ జాతిదే. దానికి నిమ్మ అక్కర్లేదు. కిలోకి రెండున్నర లీటర్ల నీళ్లు, రెండు కిలోల పంచదార.

మిద్దెతోట:
జారిపోయిన ఈ జామ్‌ని బాగుచేయొచ్చా?

పాకంచెంచా:
చేయొచ్చు. 4 నిమ్మకాయల గింజలు, డిప్పలు 300 మి.లీ. నీళ్లలో 40 నిమిషాలు ఉడికించి పిండండి. ఆ నీళ్లు, నిమ్మరసం జామ్‌లో కలిపి పెద్దమంట మీద 8–10 నిమిషాలు మరిగించి, ప్లేటు మీద చూడండి.

గూడూరునిమ్మ:
తొక్క వేసి చేసినప్పుడు దించగానే సీసాల్లో పోయకండి, ముక్కలన్నీ పైకి తేలతాయి. పది, పదిహేను నిమిషాలు ఆగి, ఒకసారి కలిపి, నీళ్లలో మరిగించి ఆరబెట్టిన వేడి సీసాల్లో అంచుదాకా పోయండి. తడి ఉంటే బూజు ఖాయం.