ఉప్పాడ దగ్గర ఇల్లు: గోడ కోసం ఆగాలా, వెనక్కి జరగాలా?

ఒడ్డుఊరి_కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది ఉప్పాడ పక్కనే సముద్రం ఒడ్డు ఊరు. నాన్న, బాబాయ్ వేటకెళ్తారు, నేను కాకినాడలో పని చేస్తాను. మా తాత కట్టిన ఇల్లు ఉన్న చోట ఇప్పుడు నీళ్ళే. ఆ తర్వాత కట్టుకున్న ఇంటికీ సముద్రానికీ మధ్య ఒక్క వరస ఇళ్ళు మిగిలాయి. వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, అది ఒడిశా వైపు పోతున్నా సరే, అమ్మ పట్టా కాగితాలు, ఆధార్ కార్డులు సంచిలో సర్దేస్తుంది. అమావాస్య పోటుకి గాలి తోడైతే కెరటం రోడ్డు దాటుతోంది. గతంలో వేసిన జియోట్యూబ్ గట్టు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) తుఫాన్లకు దెబ్బతింది, ఆ తర్వాత వేసిన రాళ్ళు కూడా బీచ్ రోడ్డుతో పాటే జారిపోతున్నాయి.

ఇంట్లో రోజూ ఇదే గొడవ. గట్టి గోడ వస్తుంది, ఆగుదాం అంటాడు నాన్న. లోపలికి పోయి ఎక్కడైనా నాలుగు సెంట్లు కొనుక్కుందాం అంటుంది అమ్మ. మడ చెట్లు నాటితే సరిపోతుందని ఊళ్ళో కొందరు అంటున్నారు. మిగతా తీరంలో వాళ్ళు ఏం చేశారు, ఏది నిలబడింది? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఇసుక_లెక్క:
తీర రక్షణ పనుల్లో చేసినవాణ్ణి తమ్ముడూ, ఉన్నదున్నట్టు చెబుతాను. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, నైరుతి రుతుపవనాల కెరటాలు దాన్ని అలా తోసుకుపోతాయి. గోదావరి తెచ్చిన ఇసుకే కాకినాడ ముందు హోప్ ఐలాండ్‌గా పెరిగింది. కాకినాడ రేవుకి అది కాపు, కానీ దాని కొస దాటాక కెరటం తాకేది మీ ఉప్పాడనే. పైనుంచి వచ్చే ఇసుకేమో తగ్గిపోయింది, నది మీద కట్టిన ఆనకట్టల వెనక కొంత ఆగిపోతుంది, రేవు దగ్గర కొంత చిక్కుకుంటుంది. సముద్ర మట్టం పెరగడం, తుఫాన్లు బలపడటం దీని మీద వచ్చి పడ్డాయి. అంటే మీ ఒడ్డుకి రోగం ఒక్కటి కాదు.

గోడ వద్దని నేను అనను. ఇళ్ళు అంత దగ్గరగా ఉన్నప్పుడు కొన్నేళ్ళు గడువు దొరకాలంటే అది కావాలి. కానీ కెరటం గోడను కొట్టి వెనక్కి పోతూ అడుగున ఇసుకను లాక్కుపోతుంది, గోడ ముందు బీచ్ మాయమవుతుంది. బోటు ఎక్కడికి లాగుతారు? గోడ అయిపోయిన చోట, ఉత్తరంగా కోనపాపపేట వైపు, ఒడ్డు కోత ఇంకా పెరుగుతుంది. ఒక ఊరిని కాపాడే రాళ్ళు పక్క ఊరికి కష్టం తెస్తాయి, ఈ సంగతి అంచనాలు వేసేటప్పుడు ఎవరూ పైకి చెప్పరు. విశాఖలో రేవులో తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌కి పోస్తుంటారు. మీ దగ్గర కూడా రాళ్ళతో పాటు ఇసుక పోయమని అడగాలి. అయితే అది ఏటా పోస్తూనే ఉండాలి, ఒక్కసారితో అయ్యేది కాదు.

కోరంగి_మడ:
మడ చెట్ల గురించి నేను చెబుతానండి, మాది కోరంగి వైపు. 1996 నవంబరు తుఫాను కోనసీమను ఎంత ముంచిందో పెద్దవాళ్ళందరికీ తెలుసు, మడ అడవి వెనక ఉన్న ఊళ్ళు కొంత తట్టుకున్నాయి. అప్పటినుంచి మావాళ్ళు మడ కొమ్మ కొట్టాలంటే ఆలోచిస్తారు. ఎండిపోయి ఉప్పు పేరుకున్న చోట్ల చేప ముల్లు ఆకారంలో చిన్న కాలవలు తవ్వి, పోటు నీరు వచ్చిపోయేలా చేసి, మొక్కలు పెంచారు. కానీ మడకి బురద కావాలి, నది నీరు కలిసే ఉప్పునీరు కావాలి. మీది తెరిచిన సముద్రం, ఇసుక ఒడ్డు, కెరటం నేరుగా కొడుతుంది. అక్కడ నాటితే మొదటి తుఫానుకే కొట్టుకుపోతాయి. ఫొటోల కోసం నాటేవాళ్ళ మాట నమ్మి ఆ డబ్బు అక్కడ పెట్టొద్దు. గాలి, ఇసుక ఆపడానికి సరుగుడు పనికొస్తుంది, కోతని మాత్రం ఆపదు.

మగ్గం_ఇల్లు:
ఒక్క మాట. ఒడ్డు అనగానే వేట ఒక్కటే గుర్తొస్తుంది అందరికీ. ఉప్పాడ జాందానీ నేసేవాళ్ళు కూడా ఇక్కడే ఉన్నాం. గుంట మగ్గంలో నీళ్ళూరితే పని ఆగిపోతుంది, పట్టు పాడవుతుంది, పట్టు ఇచ్చి నేయించే మాస్టర్ వీవరుకి మా అప్పు పెరుగుతుంది. తుఫాను నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు బోట్లు, వలలు రాసుకుంటారు, మగ్గం గురించి మేం అడిగితేనే రాస్తారు.

వలస_కాలనీ:
శ్రీకాకుళం జిల్లా నుంచి. మా ఊళ్ళో ముందు వరసల వాళ్ళం లోపలికి జరిగాం, కాబట్టి అనుభవంతో చెబుతున్నా. జరగడం తప్పు కాదు. ఒడిశాలో గంజాం జిల్లా పొదంపేటలో మన తెలుగు మత్స్యకారులే ఉంటారు, సముద్రం ఇళ్ళు కూల్చాక వాళ్ళూ కొత్త కాలనీకి వెళ్ళాల్సి వచ్చింది. కేంద్రపడాలో సతభయా ఊరివాళ్ళని బాగపటియాకి తీసుకెళ్ళారు. ఎక్కడైనా తేడా ఎక్కడొస్తుందంటే, ఇల్లు ఇస్తారు, ఒడ్డు గురించి మాట్లాడరు. మా కాలనీలో గోడలు బాగానే ఉన్నాయి. కానీ తెల్లవారుజామున వేటకి పోవాలంటే ఆటో కావాలి, ఇంజను ఇంటికి మోసుకు రావాలి, ఒడ్డున వదిలితే కాపలా ఎవరు? అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఆడవాళ్ళు. ఇంతకుముందు ఇంటి ముందే చేపలు ఎండబెట్టి, మధ్యలో వంట చూసుకుని, పిల్లల్ని చూసుకునేవారు. ఇప్పుడు కళ్ళం లేదు, చాలామంది ఎండు చేపల పని మానేసి రొయ్యల షెడ్లకి కూలికి పోతున్నారు. అందుకే మీ అమ్మగారు చెప్పినట్టే లోపలికి జరగండి, కానీ ఒడ్డున బోట్లకి చోటు, వలలకి షెడ్డు, ఎండబెట్టుకునే కళ్ళం ఊరి పేరునే ఉండాలని ముందే రాయించుకోండి. ఖాళీ చేశాక ఆ చోటు మీద ఇంకొకరి కన్ను పడుతుంది.

ఒడ్డుఊరి_కుర్రోడు:
అందరికీ చాలా థాంక్స్ అండి. కళ్ళం సంగతి మా ఇంట్లో ఎవరమూ ఆలోచించలేదు, అమ్మకి చదివి వినిపించాను. ఒక డౌటు: సొంతంగా స్థలం కొనే స్తోమత అందరికీ లేదు. ఇల్లు పోకముందే ప్రభుత్వం ఇస్తుందా, పోయాకేనా?

ఇసుక_లెక్క:
ఇదివరకు పోయాకే. అయితే 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత ఆపే పనులకు 1,500 కోట్లు, కోతవల్ల నిర్వాసితులైనవాళ్ళ పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి సిఫార్సు చేసింది. నది కోతకీ, సముద్రం కోతకీ కలిపి అది. దాని కింద గానీ, తర్వాత వచ్చే వాటి కింద గానీ మీ ఊరి పేరు ఎక్కాలంటే జిల్లా నుంచి ప్రతిపాదన వెళ్ళాలి. ఒక్కొక్కరు అర్జీ పెడితే తుఫాను సాయం కింద బియ్యంతో సరిపెడతారు. ముందు గ్రామసభలో తీర్మానం చేయించండి, పోయిన ఇళ్ళ పాత పన్ను రసీదులు, కరెంటు బిల్లులు అందరి దగ్గరా సేకరించండి, మీ అమ్మగారి సంచిలో ఉన్నవాటితో మొదలుపెట్టినా చాలు. వలస_కాలనీ గారు చెప్పిన ఒడ్డు హక్కు కూడా ఆ తీర్మానంలోనే వేరే అంశంగా రాయించండి, మగ్గాలు కూడా.

వలస_కాలనీ:
తీర్మానం రాసేటప్పుడు ఆడవాళ్ళని కూర్చోబెట్టండి తమ్ముడూ. మా దగ్గర ఒక్కరినీ పిలవలేదు.