మిషన్ మధ్యలో తిరిగొచ్చిన పిల్లాడికి ఏం చెప్పాలి?

రాజమండ్రి_అక్క
మా తమ్ముడు మిషన్ పూర్తి కాకుండానే ఇంటికొచ్చేశాడు. మా సంఘం గురించి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, మేం కడవరి దిన పరిశుద్ధులం, బయటివాళ్ళు మార్మన్లు అంటారు. మగపిల్లలు 18 దాటాక 24 నెలలు, ఆడపిల్లలైతే 18 నెలలు ఇల్లు వదిలి సువార్త సేవకి వెళ్తారు, దాన్నే మిషన్ అంటాం. వీడు తమిళనాడులో ఒక కుటుంబానికి నెలల తరబడి పాఠాలు చెప్పాడు. శనివారం బాప్తిస్మం అనుకున్నారు, తెల్లబట్టలు ఇస్త్రీ చేయించి సంచిలో కూడా పెట్టుకున్నాడు. శుక్రవారం రాత్రి వాళ్ళ పెదనాన్న ఊరినుంచి దిగి ఇంకోసారి ఈ గడప తొక్కొద్దన్నాడు. పిల్లలు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారట, ఒక్కరూ పలకలేదట.

అప్పటినుంచి వీడికి నిద్ర పట్టలేదు, అన్నం సహించలేదు. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే చేతులు వణికేవట. డాక్టరు చూసి ఇంటికి పంపమన్నాడు, పంపేశారు. మా బ్రాంచిలో, అంటే మా ఊరి చిన్న సంఘంలో, ఒక పెద్దాయన మొన్న అందరి ముందూ మా సంఘానికి ఒకప్పుడు అధ్యక్షులైన హింక్లీ గారి కథ చెప్పి "నిన్ను నువ్వు మరిచిపో, పనిలోకి దిగు" అన్నారు. ఆ ఆదివారం తర్వాత వాడు చాపెల్‌కి రావడం మానేశాడు. అది మనిషికి ఆశ కలిగించే మాటేనా? ఇదే నేనడిగేది.

పాత_ఎల్డర్
చెల్లెమ్మా, ఆ కథ సగం చెప్తే ఎలా? 1933లో హింక్లీ గారు ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో మిషన్ మొదలుపెట్టారు. వయసు 23. పుప్పొడి పడక ఒంట్లో బాగాలేదు, చెప్పేది ఎవరూ వినలేదు. నా టైమూ మీ డబ్బూ రెండూ దండగవుతున్నాయని నాన్నకి ఉత్తరం రాశారు. నాన్న పంపిన జవాబే మీ పెద్దాయన చెప్పిన మాట. అది చదివి మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుని, లేచి పనిలోకి వెళ్ళారు. 1995లో సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆ వారమే టికెట్ కొనుక్కుని ఇంటికెళ్ళిపోయుంటే? మార్మన్ గ్రంథంలో ఆల్మా 26వ అధ్యాయం 27వ వచనం తీసి చూడు. మా హృదయాలు కుంగిపోయి వెనక్కి తిరగబోయాం అంటాడు సువార్త చెప్పడానికి వెళ్ళిన అమ్మోను. తిరగబోయారు కానీ తిరగలేదు. ఆశ దొరికేది పనిలోనే, ఇంట్లో పడుకుంటే దొరకదు.

విశాఖ_తమ్ముడు
కరెక్ట్ అన్నా. నన్ను నిలబెట్టింది కూడా ఆ వచనమే.

సికింద్రాబాద్_నర్సు
అన్నగారూ, అదే వచనం ఇంకోసారి చదవండి. కుంగిపోయినప్పుడు ప్రభువు ముందు ఓదార్చాడు, వెళ్ళమన్నది ఆ తర్వాత. మీరు మొదటి ముక్క వదిలేసి రెండోదే పట్టుకున్నారు. పైగా హింక్లీ గారిది నిరుత్సాహం, ఈ అబ్బాయిది జబ్బు. నిద్ర లేక చేతులు వణుకుతున్న మనిషిని మా వార్డులో రోజూ చూస్తాను, పనిలోకి దిగమని చెప్పే డాక్టరు ఒక్కడూ ఉండడు. 2013 అక్టోబరు జనరల్ కాన్ఫరెన్స్‌లో, అంటే సంఘమంతటికీ జరిగే సభలో, అపొస్తలుడు హాలండ్ గారు డిప్రెషన్ గురించే మాట్లాడారు. అపెండిసైటిస్ వస్తే ఆశీర్వాదమూ తీసుకుంటాం, మంచి వైద్యమూ చేయించుకుంటాం, దీనికీ అంతే అని అపొస్తలుడే చెప్పాక ఇంకా వాదనేంటి?

డల్లాస్_తెలుగు
అసలు ఈ 24 నెలలేమన్నా ఆజ్ఞా? 1982లో మగపిల్లలకి 18 నెలలకి తగ్గించారు, మూడేళ్ళు తిరక్కుండా మళ్ళీ 24 చేశారు. మన హైదరాబాదు సంగతే చూడండి. 1978 డిసెంబరులో సమోవా నుంచి మిషన్‌కి వచ్చిన ధర్మరాజు దంపతులు ఉన్నది కొద్ది నెలలే. బాప్తిస్మం తీసుకున్నది వాళ్ళ బంధువులు 22 మంది. 2012లో దేశంలోనే మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, హైదరాబాదులో వచ్చిందంటే వేళ్ళు అక్కడున్నాయి. వాళ్ళది సగం మిషన్ అని ఎవరన్నా అన్నారా?

పాత_ఎల్డర్
వాళ్ళని పిలిచిందే అంత కాలానికి. పిలిచినంత కాలమూ చేశారు, అది పూర్తి చేయడమే. ఈ అబ్బాయిని పిలిచింది 24కి. లెక్క అక్కడే ఉంది.

డల్లాస్_తెలుగు
మరి 2020 మార్చిలో కోవిడ్‌కి తిరిగొచ్చిన వాళ్ళ లెక్కేంటి? పిలుపు వాళ్ళదీ 24కే కదా.

పాత_ఎల్డర్
వాళ్ళని సంఘమే పంపించింది. తమంతట తాము రాలేదు.

రాజమండ్రి_అక్క
మా తమ్ముణ్ణి పంపింది ఎవరండీ? పారిపోయి రైలెక్కాడా? డాక్టరు చెప్తే అక్కడి మిషన్‌ని చూసుకునే మిషన్ ప్రెసిడెంట్ గారు ప్రార్థన చేసి రిలీజ్ చేశారు. ఎయిర్‌పోర్టులో కూడా వాడు మిషన్‌లో పెట్టుకునే ఆ నల్ల నేమ్ బ్యాడ్జ్ తీయలేదు. స్టేక్ ప్రెసిడెంట్ గారు ఇంక తీసెయ్యి బాబూ అంటే అప్పుడు తీశాడు. ఇప్పుడది బీరువాలో అమ్మ చీరల కింద పెట్టుకున్నాడు. వైరస్‌కి వస్తే వీరులూ, నిద్ర పట్టక వస్తే పిరికివాళ్ళూనా?

పాత_ఎల్డర్
పిరికివాడు అని నేననలేదు, నా నోట్లో మాటలు పెట్టకు. కానీ ఒకటి చెప్తాను వినండి. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం ఇంటికి ఫోన్ చేసుకోనిస్తున్నారు. మా రోజుల్లో ఏడాదికి రెండే, క్రిస్మస్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి. వారం వారం అమ్మ గొంతు వింటుంటే ఏ పిల్లాడి మనసు నిలుస్తుంది?

విశాఖ_తమ్ముడు
అన్నా, ఆ ఫోన్ లేకపోతే నేనూ వచ్చేసేవాణ్ణే. ఈ ఒక్క విషయంలో మీతో లేను.

సికింద్రాబాద్_నర్సు
ఫోన్ గొడవ ఇప్పుడెందుకు? ఒక పిల్లాడు చాపెల్‌కి రావడానికి మొహం చెల్లక ఇంట్లో కూర్చుంటే మీరు నెలలు లెక్కబెడుతున్నారు, ఫోన్లు లెక్కబెడుతున్నారు. మీకు వాడి మీద ఇంత కోపం ఎందుకో నాకర్థం కావడం లేదు. వాడు మీకేం అన్యాయం చేశాడు?

పాత_ఎల్డర్
అడిగావు కాబట్టి చెప్తున్నా. నేను మిషన్‌లో ఉండగా మా నాన్న పోయారు. వెళ్తావా ఉంటావా అని అడిగారు. ఉంటానన్నాను. మట్టి చేసేటప్పుడు పెద్దకొడుకుని నేను లేను, మా బాబాయి నిలబడ్డాడు. మా అమ్మ ఆ మాట ఈ రోజుకీ మర్చిపోలేదు. ఉండిపోవడమే విశ్వాసం అని అందరూ నా భుజం తట్టారు, ఆ మాట పట్టుకునే మిగతా కాలం లాక్కొచ్చాను. ఇప్పుడు మీరంతా కలిసి వచ్చేసినా పర్లేదు, ఉన్నా వచ్చినా ఒకటే అంటుంటే, నేను పోగొట్టుకున్నదానికి విలువేంటి? దానికి జవాబు చెప్పండి, అప్పుడు ఆ పిల్లాడి సంగతి మాట్లాడదాం.

డల్లాస్_తెలుగు
అన్నా, ఈ సంగతి తెలియదు. నెలల గురించి ఇంక మాట్లాడను.

సికింద్రాబాద్_నర్సు
అన్నగారూ, మీ త్యాగాన్ని ఎవరూ తక్కువ చేయడం లేదు. మీరు ఉండగలిగారు కాబట్టి ఉన్నారు. వాడికి ఆ ఓపిక అయిపోయింది. ఆశ రెండు చోట్లా ఒకే దారిలో రావాలని లేదు. మీకు అది పనిలోకి వెళ్తే వచ్చింది. వాడికి ముందు నిద్ర పట్టాలి, తర్వాత ఎవరో ఒకరు వాణ్ణి నెలల గురించి అడక్కుండా పలకరించాలి.

రాజమండ్రి_అక్క
అన్నయ్యా, మీ నాన్నగారి విషయం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు ఉండిపోవడం గొప్పే. దానికి విలువ రావాలంటే మా తమ్ముడు తప్పు చేసినవాడు కావాలా? అదొక్కటే నేను ఒప్పుకోను.

వాడు ఇప్పుడు కొంచెం నయం, మందు పడింది, రాత్రి నిద్రపోతున్నాడు. ఆ తమిళనాడు కుటుంబంలో పెద్దబ్బాయి నిన్న వాడికి మెసేజ్ పెట్టాడు. బాప్తిస్మం మాటేమీ లేదు, "మీరు నేర్పిన ప్రార్థన రోజూ చేసుకుంటున్నాను" అని అంతే. వాడు అది నాకు చూపించి, అక్కా, ఆదివారం వస్తే ఎప్పుడు తిరిగి వెళ్తావని అడుగుతారా అన్నాడు. అడగరని నేను మాటిచ్చేశాను. మా బ్రాంచివాళ్ళు ఎవరన్నా ఇది చదువుతుంటే నా మాట నిలబెట్టండి.

పాత_ఎల్డర్
నాదీ మీ ఊరే. నేను అడగను. మా ఇంట్లోవాళ్ళనీ అడగొద్దని చెప్తాను. ఇంటికొచ్చేయడం, ఉండిపోవడం రెండూ ఒకటే అంటే మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.