చర్చ: వేసుకునే మందుల వివరాలు కాగితం మీదా, ఫోన్‌లోనా?

కాగితంపులి: రోజూ అయిదారు రకాలు వేసుకునేవాళ్లకి నా సలహా ఒకటే. ఒక్క కాగితం రాసి, మడిచి పర్సులో పెట్టుకోండి. యాప్‌లు వద్దు. స్పృహ తప్పి పడిపోయినవాడి ఫోన్ లాక్ ఎవరు తీస్తారు?

యాప్‌రాజు: లాక్ తీయకుండానే కనిపించే అత్యవసర వివరాల పేజీ ఇప్పుడు చాలా ఫోన్లలో ఉందండీ. మందులు, అలర్జీలు, బ్లడ్ గ్రూప్ అన్నీ అందులో పెట్టుకోవచ్చు. లాక్‌లో ఉన్నా చూపించమనే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. కాగితం అయితే మోతాదు మారిన ప్రతిసారీ కొట్టివేతలే.

కాగితంపులి: పెన్సిల్‌తో రాస్తే సరి. మారితే చెరిపేయొచ్చు.

రాత్రిడ్యూటీ: చెరపకండి! దేనిమీద రాశారన్నది తర్వాత, ఏం రాశారన్నది ముందు. ‘బీపీ మాత్ర, తెల్లది, పొద్దున’ అని రాసుకొస్తే ఆసుపత్రిలో మాకు ఒరిగేదేమీ లేదు. కంపెనీ పెట్టిన పేరుతో పాటు లోపలి మందు పేరు కావాలి. ఒకే పేరు చివర ఒకటి రెండు అక్షరాలు చేరితే లోపల ఇంకో మందు కలిసి ఉండొచ్చు: బీపీకి వాడే టెల్మిసార్టాన్ ఒక్కటే కావచ్చు, ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందుతో కలిపింది కావచ్చు, నీరు లాగే మందుతో (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) కలిపింది కావచ్చు. బీపీకీ గుండెకీ వాడే మెటోప్రొలాల్ రెండు రూపాల్లో వస్తుంది: సక్సినేట్ అయితే రోజుకొకసారి, టార్ట్రేట్ అయితే మామూలుగా రెండుసార్లు. ఉత్త ‘మెటోప్రొలాల్ 50’ అంటే సగం సమాచారమే.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. గుండెకి వాడే డిగాక్సిన్ ‘.25’ అని రాస్తే చుక్క కనపడక 25 అవుతుంది, కాబట్టి 0.25 మి.గ్రా. అని రాయాలి. 5 ని 5.0 అని రాయకూడదు, 50గా చదువుతారు. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ ఉంటే ‘వారానికి ఒక్కసారి, సోమవారం’ అని వారం పేరుతో సహా రాయండి. రోజూ వేసేస్తే నోరంతా పుళ్లు పడి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది.

చుక్క: కంటి చుక్కలు కూడా రాయాలా?

రాత్రిడ్యూటీ: తప్పకుండా. గ్లకోమాకి వేసే టిమొలాల్ చుక్కలు ఒంట్లోకి ఇంకి ఉబ్బసాన్ని రేపుతాయి, గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ఇన్‌హేలర్లు, ఇన్సులిన్, ఒంటికి అంటించే పట్టీలు, మూలికల మందులు కూడా రాయాలి.

కాగితంపులి: పెన్సిల్ ఎందుకు వద్దో చెప్పనే లేదు.

రాత్రిడ్యూటీ: ఆపేసిన మందు కూడా కనపడాలి కనక. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు నెలల తరబడి వాడి ఆపినవాళ్లకి ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ వెంటనే మామూలుకి రాకపోవచ్చు. ఆపరేషన్ ముందు మత్తు డాక్టరుకి ఆ సంగతి తెలియాలి. ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వేసి, ఎందుకు ఆపారో ఒక మాట రాయండి.

యాప్‌రాజు: యాప్‌లో ఈ చరిత్రంతా దానంతటదే ఉంటుంది. పైగా ఇంట్లోవాళ్లతో పంచుకోవచ్చు, ఒక పూట వేసుకోకపోతే వాళ్ల ఫోన్‌కి కబురెళ్తుంది.

కాగితంపులి: అదే వద్దంటున్నా! నేనేం మింగానో ఇంటిల్లిపాదికీ చాటింపు వేయాలా?

గోళీలడబ్బా: ఇంతకీ రాసుకునేవాళ్లు రాసిందంతా మింగుతున్నారా? నీరు లాగే మాత్ర ప్రయాణం రోజున ఎంతమంది వేసుకుంటారు? అదేం రాయాలి?

కాగితంపులి: డాక్టరు ఏం రాస్తే అది రాయాలి, అంతే. ‘సగమే వేసుకుంటున్నా’ అని రాసిస్తే తిట్లు మొదలు. తిట్లు తినడానికా జాబితా?

రాత్రిడ్యూటీ: మీరన్నట్టే చేస్తే ఏమవుతుందో వినండి. డాక్టరు టెల్మిసార్టాన్ 80 మి.గ్రా. రాశారు, మీరు 40 మింగుతున్నారు, బీపీ దిగలేదు. 80కీ లొంగలేదనుకుని డాక్టరు ఇంకో మందు కలుపుతాడు. తర్వాత ఏదో జ్వరానికి ఆసుపత్రిలో చేరతారు. మీ కాగితం చూసి మేం అన్నీ పూర్తి మోతాదులో ఇస్తాం. మంచం దిగబోయి కళ్లు తిరిగి పడతారు. ఇదేం అరుదైన సంగతి కాదు.

కాగితంపులి: తిట్టకుండా వినేవాళ్లుంటే చెప్పనా? మీరు ఆసుపత్రి వైపు నుంచే మాట్లాడుతున్నారు. జాబితా నాది. ఎవరికి ఏది చూపించాలో నేను చూసుకుంటాను.

యాప్‌రాజు: అంటే ఇంతసేపూ గొడవ ఫోన్ మీద కాదన్నమాట.

గోళీలడబ్బా: తిట్ల సంగతి నిజమే, పులిగారి మాట కొట్టిపారేయకండి. అలాగని ‘మానేశాను’ అని ముక్తసరిగా రాసినా చిక్కే, ఇంకెవరో డాక్టరే ఆపించారనుకుంటారు. రెండు గడులు గీయండి. ఒకదాంట్లో ‘రాసింది 80’, రెండోదాంట్లో ‘వేసుకునేది 40, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని’. కారణం కనపడితే తిట్టేవాడు కూడా మోతాదు సంగతి ఆలోచిస్తాడు.

కాగితంపులి: ఆ రెండో గడి వెనక పేజీలో ఉంటుంది. అడిగినవాళ్లకే.

రాత్రిడ్యూటీ: అత్యవసరంలో అడగడానికి మీరు మాట్లాడే స్థితిలో ఉండరు కదండీ!

చుక్క: మధ్యలో వస్తున్నా, మన్నించాలి. తలనొప్పికి అప్పుడప్పుడు వేసుకునేవి?

రాత్రిడ్యూటీ: ‘అవసరమైతే’ అని విడిగా రాసి, రోజుకి గరిష్ఠంగా ఎన్నో కూడా వేయండి. పారాసెటమాల్ పెద్దవాళ్లకి అన్నీ కలిపి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. బక్కపలచగా ఉన్నవాళ్లకీ, కాలేయం బాగోలేనివాళ్లకీ ఇంకా తక్కువే. జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుంది, అట్ట వెనక చూడండి. నొప్పికి వేసే ఐబుప్రొఫెన్ అయితే, టెల్మిసార్టాన్ లాంటిదీ నీరు లాగే మాత్రా రెండూ వాడేవాళ్లకి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అది అడగకుండా కొనుక్కోకండి.