ఫై బీటా కప్పా తొలి మినిట్స్‌లోని పొడవాటి ‘ఎస్’ను సరిగా చదివించడం ఎలా?

అమెరికాలోని వర్జీనియాలో ఉన్న విలియమ్ అండ్ మేరీ కళాశాలలో 1776 డిసెంబరు 5న విద్యార్థులు స్థాపించిన ఫై బీటా కప్పా సంఘం చరిత్రను తెలుగులో రాస్తున్నాను. బ్రిటిష్ సేనల రాకతో 1781 జనవరిలో సభ్యులు సీలు వేసి కళాశాల స్టీవార్డుకు అప్పగించాలనుకున్న ఆ పత్రాలలోని సమావేశాల మినిట్స్ (చర్చల, నిర్ణయాల నమోదు) ఇప్పటికీ మిగిలి ఉండటం నిజంగా మన అదృష్టం.

నా వద్ద ఉన్న చేతిరాత పుటల నకళ్లను మొదట 300, తర్వాత 600 డీపీఐలో (అంగుళానికి చుక్కల సంఖ్య) స్కాన్ చేసి, మరకలు తగ్గేలా నలుపు తెలుపుల్లోకి మార్చి, రెండు ఉచిత ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి టైపు పాఠంగా మార్చే) ప్రోగ్రాములతో చదివించినా ఫలితం లేదు. ‘బిజినెస్’ వంటి మాట చివర ఉండే జంట ఎస్‌లలో పొడవుగా కిందికి దిగే మొదటిది ప్రతిసారీ ‘ఎఫ్’గానో ‘పి’గానో వస్తోంది. 18వ శతాబ్దపు ఇంగ్లీషు చేతిరాతలోని ఈ అక్షరాన్ని సరిగా గుర్తించే, సొంత కంప్యూటరులోనే నడిచే ప్రోగ్రాము ఏదో దయచేసి చెప్పగలరా?