వెనక చక్రం బెండు: మీటర్ లేకుండా ఇంట్లో తీసుకోవచ్చా?

బీచ్‌రోడ్డు సైకిలు (విశాఖ):
ఆఫీసుకి పోనూ రానూ రోజుకి 18 కిలోమీటర్లు తొక్కుతాను. గేర్ల సైకిలు, రిమ్ బ్రేకులు, వెనక 32 పుల్లలు. గోతిలో పడి వెనక చక్రం ఊగుతూ బ్రేకుకి రాసుకుంటుంటే షాపుకి తీసుకెళ్లాను. పది నిమిషాల్లో బెండు తీసి ఇచ్చారు. చక్రం గీత గీసినట్టు తిరిగింది. పదిహేను రోజులకి ఎడమ వైపు పుల్ల ఒకటి హబ్బు (చక్రం నడిమి బొడ్డు) దగ్గర వంపులో టప్‌మని విరిగింది. అది వేయించిన వారానికే పక్కది. ఇక నేనే నేర్చుకుందామని ఉంది. పుల్లలు బిగించే కీ చాలా, వాటి బిగువు కొలిచే టెన్షన్ మీటర్ కూడా కొనాలా?

కొలిస్తేనే నమ్ముతా:
మీటర్ లేకుండా ముట్టుకోవద్దు. గేర్ల వైపు సాధారణంగా 100 నుంచి 120 కిలోల టెన్షన్ ఉండాలి, ఎడమ వైపు అందులో సగం పైచిలుకు. వేళ్లతో నొక్కి ఇది చెప్పగలరా? మీ షాపులో బిగించేసి ఉంటారు, అందుకే విరిగాయి.

కొత్త పెడలు:
అవును, టైట్ ఎక్కువైతేనే కదా తీగ తెగేది.

నాన్నగారి షాపు (ఖమ్మం):
కాదండీ, తిరగేసి ఆలోచించండి. పుల్ల ఎక్కువగా లూజు వల్లే విరుగుతుంది. చక్రం కింద నేలకి ఆనిన చోట పుల్లల టెన్షన్ తగ్గుతుంది, పైకొచ్చాక మళ్లీ పెరుగుతుంది. ముందే లూజుగా ఉన్న పుల్ల ప్రతి చుట్టుకీ పూర్తిగా వదులై మళ్లీ లాగబడుతుంది. మీ చక్రం కిలోమీటరుకి దాదాపు 475 చుట్లు తిరుగుతుంది. రోజుకి ఎనిమిదిన్నర వేల సార్లు! తీగని అటూ ఇటూ వంచి తెంపమా, అదే పని. వంపులో విరిగిందంటేనే నాకు అనుమానం. మరీ బిగిస్తే ముందు నిపుల్ (రిమ్ము దగ్గర పుల్లని బిగించే చిన్న నట్టు) అంచులు అరుగుతాయి, లేదా రిమ్ము రంధ్రం దగ్గర చీలుతుంది.

షాపు వాళ్లని తిట్టబుద్ధి కాదు. మేం నేర్చుకున్నది నల్ల సైకిళ్ల మీద. ముందు 32, వెనక 40 పుల్లలు, గేర్లు లేవు కాబట్టి రెండు వైపులా ఇంచుమించు ఒకే బిగువు. రాడ్ బ్రేకు గుళ్లు రిమ్ము లోపలి ముఖాన్ని పట్టుకుంటాయి కాబట్టి పక్కకి కాస్త ఊగినా ఫర్వాలేదు. ఆ చేతివాటంతోనే గేర్ల చక్రం పట్టుకుంటే రిమ్ము నిటారుగా వస్తుంది, ఎడమ వైపు పుల్లలు మాత్రం ఒకటి బిగువు, ఒకటి వదులు. నిటారుగా తిరగడం వేరు, బిగువు సమంగా ఉండడం వేరు.

కొలిస్తేనే నమ్ముతా:
ఆ సమానాన్ని చూపించేదే మీటర్ అంటున్నాను సార్.

నాన్నగారి షాపు (ఖమ్మం):
చెవి కూడా చూపిస్తుంది. రిమ్ము దగ్గర గోటితో మీటండి. ఒక వైపు పుల్లలన్నీ ఒకే శృతిలో మోగాలి.

తంబూరా తీగ (డాలస్):
ఇక్కడ నేను పెద్దాయన పక్షం, లెక్కతో సహా. శృతి టెన్షన్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. టెన్షన్ 20 శాతం తేడా ఉంటే స్వరం ఒకటిన్నర స్థానాలు (హార్మోనియం మెట్లు) పైబడి మారుతుంది. సంగీతం రాని చెవికీ దొరికే తేడా అది. కాకపోతే ఎడమని ఎడమతోనే పోల్చాలి, లావు, పొడవు ఒకటే అయి ఉండాలి. మొత్తం మీద ఎన్ని కిలోలో చెవి చెప్పదు. అక్కడ మీటరే గెలుస్తుంది. కొత్త చక్రం అల్లేటప్పుడు నేనూ మీటరే వాడతాను.

బీచ్‌రోడ్డు సైకిలు (విశాఖ):
మీటాను! ఎడమ వైపు నాలుగు పుల్లలు అసలు మోగలేదు, టక్కుమని ఊరుకున్నాయి. వాటి మధ్యవి మాత్రం కీచుమన్నాయి. ఎలా మొదలెట్టాలి?

నాన్నగారి షాపు (ఖమ్మం):
ముందు కీ సరైన సైజుదా చూసుకోండి. 3.23, 3.30, 3.45 మిల్లీమీటర్ల నిపుళ్లు ఉంటాయి. వదులు కీ పెడితే నిపుల్ గుండ్రమైపోతుంది. మీది సముద్రపు గాలి, తుప్పు ఉంటుంది, ఒక్కో చుక్క నూనె వేసి గంట ఆగండి. సైకిలు తలకిందులుగా పెట్టి, ఫ్రేముకి జిప్ టై కట్టి, దాని కొసని రిమ్ముకి వెంట్రుక వాసి దూరంలో ఉంచండి. ఊగు ఎక్కడుందో అదే చెప్తుంది. ఒక్కసారికి పావు తిప్పే. కీచుమన్నవి వదులు చేసి, మోగనివి బిగించండి. మధ్య మధ్యలో పక్కపక్క పుల్లలు రెండేసి పిడికిట్లో గట్టిగా నొక్కండి, మెలి పడినవి సర్దుకుంటాయి. రిమ్మే మడతపడి ఉంటే మాత్రం ఈ తిప్పలు దండగ, రిమ్ము మార్చాల్సిందే.

బీచ్‌రోడ్డు సైకిలు (విశాఖ):
రెండు గంటలు పట్టింది. మొదటి అరగంట రివర్సులో తిప్పాను. టైరు వైపు నుంచి చూస్తే కుడికి బిగువు, నేను హబ్బు వైపు నుంచి చూస్తున్నాను మరి. ఇప్పుడు ఊగు ఒక మిల్లీమీటరు లోపే. 200 కిలోమీటర్లు తొక్కాను, ఏదీ విరగలేదు.

కొలిస్తేనే నమ్ముతా:
200 ఏ మూలకి? పాత పుల్లలు ఇప్పటికే అలిసిపోయి ఉంటాయి. టెన్షన్ సరిగ్గా ఉన్నా ఇంకోటి విరగొచ్చు. అప్పుడు మీ పనితనాన్ని అనుమానించకుండా ఎడమ వైపు 16 మార్చేయండి.

నాన్నగారి షాపు (ఖమ్మం):
ఈ మాటకి మాత్రం ఓటు మీకే.

బీచ్‌రోడ్డు సైకిలు (విశాఖ):
16 నిన్ననే కొన్నాను. పొడవు కోసం విరిగిన పుల్ల రెండు ముక్కలూ పట్టుకెళ్లి కౌంటర్ మీద కలిపి పెడితే షాపాయన నవ్వాడు.