ఇంగ్లండ్ కౌన్సిళ్ల దుబారాపై ఆంబుడ్స్‌మన్ విచారణ ఉండాలా, వద్దా?

పన్నుదారు: కౌన్సిల్ పరిధిలో అందరికీ, లేదా దాదాపు అందరికీ తగిలే విషయాన్ని ఆంబుడ్స్‌మన్ (స్థానిక కౌన్సిళ్లపై జనం ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి) ముట్టుకోకూడదని 1974 లోకల్ గవర్నమెంట్ చట్టం, సెక్షన్ 26(7) అంటుంది. థర్రాక్ కౌన్సిల్ పెట్టుబడుల్లో మునిగి 2022 డిసెంబరులో సెక్షన్ 114 నోటీసు (ఖర్చులకు సరిపడా డబ్బు లేదన్న ప్రకటన) ఇచ్చింది. ఊరంతా నష్టపోతే ఎవరి ఫిర్యాదూ చెల్లదా? ఆ నిబంధన ఎత్తెయ్యాల్సిందే.

వోచర్: ఎత్తేసినా సెక్షన్ 34(3) ఉంటుందండీ. నిర్ణయం తీసుకున్న తీరులో లోపం లేకపోతే దాని మంచిచెడ్డలు ఆంబుడ్స్‌మన్ ప్రశ్నించకూడదు. డబ్బు లైబ్రరీకా, రోడ్డుకా అన్నది ఓటేసి గెలిపించినవాళ్లే తేల్చాలి, అది సబబే. "మా డబ్బు తగలేశారు" అని రాస్తే ఫిర్యాదు మొదటి పరిశీలనలోనే పోతుంది. వికలాంగులు ఇంటిని అనువుగా మార్చుకునేందుకిచ్చే సౌకర్యాల గ్రాంటు (గరిష్ఠం 30,000 పౌండ్లు) నెలల తరబడి నాన్చారంటే అది మీ సొంత నష్టం, విచారణకు నిలుస్తుంది. ముందు కౌన్సిల్‌కే ఫిర్యాదు చెయ్యాలి. విషయం తెలిసిన 12 నెలల్లో ఆంబుడ్స్‌మన్‌కి వెళ్లాలి.

ఖర్చే చట్టవిరుద్ధమైతే కౌన్సిల్ లెక్కలు తనిఖీ చేసే బయటి ఆడిటర్ దగ్గరికి వెళ్లండి. 2014 లోకల్ ఆడిట్ చట్టం కింద ఏటా 30 పనిదినాలు బిల్లులు, కాంట్రాక్టులు, వోచర్లు చూడొచ్చు. ఆ గడువులోనే ఓటరు అభ్యంతరం రాసివ్వాలి: ఏ పద్దు, ఎంత, ఏ కారణం, ఆడిటర్ ఏం చెయ్యాలి. కాపీ కౌన్సిల్‌కీ పంపాలి. చాలామంది ఇదే మర్చిపోతారు. భారత పాస్‌పోర్టుతో వీసా మీద ఉన్న మనవాళ్లు కూడా కామన్వెల్త్ పౌరులుగా ఓటరు జాబితాలో ఉంటే అభ్యంతరం పెట్టొచ్చు.

పన్నుదారు: ఆ ఆడిటే సమయానికి జరగకపోతే? 2022-23 వరకు పేరుకుపోయిన ఆడిట్లకు 2024 డిసెంబరు 13 గడువు పెట్టారు. చాలాచోట్ల ఆడిటర్లు అభిప్రాయమే చెప్పకుండా ముగించేశారు. అందుకే ఆంబుడ్స్‌మన్ అనే రెండో తలుపు కావాలంటున్నాను.

పారిష్ లెక్కలు: పారిష్ కౌన్సిళ్లయితే (చిన్న ఊళ్ల స్థాయి కౌన్సిళ్లు) ఆంబుడ్స్‌మన్ పరిధిలోకే రావు. అభ్యంతరం పరిశీలించిన ఆడిటర్ ఫీజు పారిషే కట్టాలి, అంటే మళ్లీ మన పన్నే. చిన్న ఊళ్లో ఆ బిల్లు వివాదంలో ఉన్న మొత్తాన్నే మించిపోవచ్చు. ముందు క్లర్కు దగ్గర ఇన్‌వాయిస్, మీటింగ్ మినిట్స్ అడగండి. ఆ ఖర్చుకు ఏ చట్టం అధికారమిచ్చిందో మినిట్స్‌లో వెతకండి.

వోచర్: అవును, మొత్తం చిన్నదై పరిశీలన ఖర్చు ఎక్కువైతే ఆడిటర్ తిరస్కరించొచ్చు. అయితే కౌన్సిల్ నడుస్తున్న తీరుపైనే తీవ్రమైన అనుమానాలు బయటపడేలా ఉంటే ఆ కారణం చెప్పి తోసిపుచ్చలేరు. అలాంటి ఆధారం ఉంటే అభ్యంతరం మొదటి పేరాలోనే పెట్టండి.